ఎర్తింగ్: గొయ్యి ఒక్కటే సరిపోదు



కొత్త ఇల్లు కట్టేవాళ్లు గుమ్మం ఎటు పెట్టాలో నలుగురిని అడుగుతారు. బోరు ఎక్కడ వేయాలో కొబ్బరికాయ చేతిలో పెట్టించి స్థలమంతా నడిపిస్తారు. గ్రానైటు రంగు నచ్చక మూడు ఊళ్లు తిరుగుతారు. ఎర్తింగ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం "అది కరెంటాయన చూసుకుంటాడులే" అనేస్తారు. కరెంటాయన గృహప్రవేశం హడావుడిలో పెరట్లో ఖాళీ దొరికిన మూల గునపంతో మూడడుగులు తవ్వి, ఓ పైపు ముక్క పాతి, దానికి తీగ చుట్టి వెళ్లిపోతాడు. దాని మీద టైల్స్ పడతాయి. ఆ తర్వాత దాని ఊసు ఎవరికీ ఉండదు. ఇవాళ మనం ఆ పైపు గురించీ, దాన్నుంచి ఇంట్లోకి వచ్చే తీగ గురించీ మాట్లాడుకుందాం.

ముందు అసలు ఎర్తింగ్ ఎందుకో చూద్దాం. వీధి స్తంభం నుంచి మన ఇంటికి వచ్చేవి మామూలుగా రెండు తీగలు. ఒకటి ఫేజు, రెండోది న్యూట్రల్. 230 వోల్టుల కరెంటు ఫేజులో వచ్చి, ఫ్యానో బల్బో నడిపించి, న్యూట్రల్ మీదుగా ట్రాన్స్‌ఫార్మరుకు తిరిగి వెళ్తుంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఆ న్యూట్రల్‌ను భూమికి కలిపి ఉంచుతారు. అందుకే నేల మీద నిలబడి ఫేజు ముట్టుకుంటే షాక్ కొడుతుంది. కరెంటు మన చేతిలోంచి కాళ్లలోకి, కాళ్లలోంచి నేలలోకి దిగి, నేల గుండా ట్రాన్స్‌ఫార్మరుకు చేరుకుంటుంది. తిరిగి వెళ్లడానికి దానికి ఏదో ఒక దారి కావాలి. ఆ దారి మన ఒంట్లోంచి కాకుండా ఒక తీగలోంచి వేయడమే ఎర్తింగ్.

గీజరులో నీళ్లు కాచే ఎలిమెంటు చిట్లుతుంది. ఫ్రిజ్ వెనక తీగను ఎలుక కొరుకుతుంది. గ్రైండరు మోటారులోకి పిండి నీళ్లు దిగుతాయి. కూలరులో పంపు తీగ నీళ్లలో నాని తొడుగు ఊడుతుంది. వీటన్నిటిలో జరిగేది ఒకటే. లోపల ఉండాల్సిన ఫేజు బయటి ఇనుప ఒంటికి తగులుతుంది. చూడటానికి ఏ తేడా ఉండదు. గీజరు కాగుతూనే ఉంటుంది, కూలరు తిరుగుతూనే ఉంటుంది. తడి చేత్తో ముట్టుకున్నప్పుడే తెలుస్తుంది.

తెలిసేసరికి ఏమవుతుందో అంకెల్లో చెబుతాను. ఒక మిల్లీ ఆంపియరు కరెంటు ఒంట్లో పారితే చురుక్కుమంటుంది. పది మిల్లీ ఆంపియర్లు దాటితే కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్నది వదలడం మన చేతిలో ఉండదు. ముప్పై దాటి, అది కాసేపు నిలిస్తే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది. తడిసిన మనిషి ఒంటి నిరోధం సుమారు వెయ్యి ఓములు అనుకుంటే, 230 వోల్టులకు ఒంట్లో పారేది 230 మిల్లీ ఆంపియర్లు. మన దేశంలో కరెంటు షాక్‌తో చనిపోయినవాళ్లు 2021లో 12 వేలు దాటారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. ఇళ్లలో, పొలాల్లో, పనిచేసే చోట్ల జరిగినవన్నీ అందులో ఉన్నాయి.

ఇంట్లో ఒక త్రీపిన్ ప్లగ్గు ఉంటే తీసి చూడండి. పైనున్న పిన్ను మిగతా రెండిటికంటే లావుగా, పొడుగ్గా ఉంటుంది. అదే ఎర్తు పిన్ను. పొడుగు ఎందుకంటే, ప్లగ్గు పెట్టేటప్పుడు అన్నిటికన్నా ముందు అదే తగలాలి, తీసేటప్పుడు అన్నిటికన్నా ఆఖరున అదే విడిపోవాలి. కరెంటు పారుతున్న ఏ క్షణంలోనూ ఎర్తు లేకుండా ఉండకూడదని దాన్ని అలా తయారుచేశారు. మనం ఏం చేస్తాం? సాకెట్టులో పట్టలేదని ఆ పిన్ను విరిచేస్తాం. లేదా రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సులో గుచ్చుతాం. పెరట్లో ఎంత మంచి గొయ్యి ఉన్నా, ఆ పిన్ను విరిగిన రోజే ఆ వస్తువుకు ఎర్తు పోయింది.

ఇంకో చోట కూడా చూడాలి. చాలా ఇళ్లలో స్విచ్ బోర్డు విప్పితే ఎర్తుకు వాడే ఆకుపచ్చ తీగ లోపలే చుట్ట చుట్టి పడి ఉంటుంది. వైరింగ్ చేసినాయన గొట్టంలో తీగ లాగాడు గానీ సాకెట్టుకు బిగించలేదు. అది లేకపోయినా లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, ఎవరూ అడగరు. కాబట్టి పెరట్లో పైపు ఉంది కనక ఇంటికి ఎర్తు ఉందనుకోవడానికి వీల్లేదు. ఆ పైపు నుంచి మెయిన్ బోర్డుకు, అక్కడి నుంచి ప్రతి సాకెట్టుకు, సాకెట్టు నుంచి వస్తువు ఒంటికి తీగ ఎక్కడా తెగకుండా ఉంటేనే ఎర్తు ఉన్నట్టు.

సరే, గొయ్యి ఉంది, తీగా ఉంది. అప్పుడు ప్రమాదం లేనట్టేనా? చాలామంది ఎలక్ట్రీషియన్లు కూడా ఇక్కడే పొరబడతారు. ఓ చిన్న లెక్క చేద్దాం. ఎర్తింగ్ ఎలా చేయాలో చెప్పే భారతీయ ప్రమాణం ఒకటుంది, దాని నంబరు ఐఎస్ 3043. ఆ ప్రమాణం ప్రకారం రెండున్నర మీటర్ల పొడవున్న ఇంచున్నర జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపును ఒక మోస్తరు నేలలో నిలువుగా పాతితే, దాని నిరోధం సుమారు 35 ఓములు వస్తుంది. గీజరు ఒంటికి ఫేజు తగిలిందనుకోండి. 230ని 35తో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. ఎర్తు తీగలో పారేది అంతే. గీజరుకు పెట్టిన ఎంసీబీ, అంటే కరెంటు హద్దు మీరితే దానంతటదే పడిపోయే స్విచ్చు, 16 ఆంపియర్లది. ఆరున్నర ఆంపియర్లకు అది కదలను కూడా కదలదు. ఎంసీబీ పడదు, కరెంటు ఆగదు, గీజరు ఒంటి మీద ఇంచుమించు 200 వోల్టులు అలాగే నిలిచి ఉంటాయి. అంతా సవ్యంగా ఎర్తు చేయించుకున్న ఇంట్లో కూడా ఇలా ఉంటుంది.

ఈ లెక్క తెలిశాక అర్థమయ్యేది ఒకటే. ఎర్తు పైపు కరెంటుకు దారి చూపిస్తుంది గానీ, కరెంటును ఆపదు. ఆపే పని ఇంకో పరికరానిది. దాని పేరు ఆర్‌సీసీబీ. మెయిన్ బోర్డులో ఎంసీబీల పక్కనే ఉంటుంది, దాని మీద 'టెస్ట్' అని చిన్న బటన్ ఉంటుంది. పొద్దున తోలుకెళ్లిన మందను సాయంత్రం దొడ్లోకి తోలేటప్పుడు కాపరి తలలు లెక్కపెట్టుకున్నట్టు, ఫేజులో వెళ్లిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటూ సమానంగా ఉన్నాయా లేదా అని ఇది ఎడతెగకుండా చూస్తూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే, ఎక్కడో నేలలోకి కారిపోతోందని గ్రహించి సెకనులో మూడో వంతు కూడా గడవకముందే కరెంటు తీసేస్తుంది. తేడా ఇంకా పెద్దదైతే సెకనులో ఇరవై ఐదో వంతులోనే పడిపోతుంది.

అయితే ఆర్‌సీసీబీ ఒక్కటి ఉంటే ఎర్తు అక్కర్లేదా? కావాలి. ఎర్తు లేని ఇంట్లో గీజరు ఒంటికి ఫేజు తగిలితే, ఎవరో ఒకరు ముట్టుకునేదాకా నేలలోకి దారి ఉండదు. ఆర్‌సీసీబీకి తేడా తెలియాలంటే ముందు ఒక మనిషికి షాక్ కొట్టాలి. ఎర్తు ఉన్న ఇంట్లో ఫేజు తగిలిన మరుక్షణమే ఆరున్నర ఆంపియర్లు తీగలోంచి నేలకు దిగుతాయి. ఎవరూ ముట్టుకోకముందే అది పడిపోతుంది. అందుకే గొయ్యి, ఆకుపచ్చ తీగ, ఆర్‌సీసీబీ ఈ మూడూ కలిసి ఉండాలి. ఒకటి తగ్గితే మిగతా రెండూ సగం పనే చేస్తాయి. ఒక చేత్తో ఫేజు, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ణి మాత్రం ఆర్‌సీసీబీ కూడా కాపాడలేదు. దాని దృష్టిలో అతను బల్బు లాంటి లోడే.

కొన్ని ఇళ్లలో ఆర్‌సీసీబీ ఉంటుంది గానీ తీగలు దాన్ని తప్పించి పోతుంటాయి. "మాటిమాటికీ పడిపోతోందండీ, తీసి డైరెక్టు ఇచ్చేశాం" అంటారు. అది ఊరికే పడదు. ఎక్కడో న్యూట్రల్, ఎర్తు కలిసిపోయి ఉంటాయి. లేదా ఇన్వర్టరు పెట్టినప్పుడు ఒక లైను న్యూట్రల్ ఇంకో లైనుకు కలిపి ఉంటారు. లేదా ఏదో వస్తువు నిజంగానే నేలలోకి కరెంటు కారుస్తూ ఉంటుంది. ఒక్కొక్క వస్తువూ తీసి చూస్తే దొంగ దొరుకుతుంది. దొంగను వెతకడం మాని, పట్టించేదాన్ని పీకేయడం ఏం న్యాయం?

ఇప్పుడు గొయ్యి సంగతికి వద్దాం. ఐఎస్ 3043 చెప్పినట్టు చేస్తే పని ఇలా సాగుతుంది. గోడకు కనీసం ఒకటిన్నర మీటర్ల దూరంలో, వీలైతే బాత్‌రూము నీళ్లు పారే వైపు, అడుగు వెడల్పున గొయ్యి దిగుతుంది. లోతు తొమ్మిదడుగుల దాకా పోవాలి. ఇంచున్నర జీఐ పైపు కింది కొస ఏటవాలుగా కోసి, ఒంటి నిండా అరంగుళం బెజ్జాలు వేసి ఉంటుంది. పైపు నిలబెట్టి చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస కల్లుప్పు వేస్తూ పైదాకా నింపుతారు. పైన ఒక గరాటు, జాలీ, చుట్టూ ఇటుకల చాంబరు, దాని మీద ఇనుప మూత. తీగను పైపుకు చుట్టి వదిలేయకూడదు. లగ్గు వేసి, బోల్టు, నట్టు బిగించాలి. రాగి తీగను నేరుగా జీఐ పైపుకు బిగిస్తే ఆ తేమలో ఇనుమును తుప్పు తొందరగా తినేస్తుంది కాబట్టి కళాయి పూసిన లగ్గు వాడతారు, లేదా బోర్డు దాకా ఎనిమిదో నంబరు జీఐ తీగే లాగుతారు.

బొగ్గు, ఉప్పు ఎందుకు? పైపు నిరోధంలో ఎక్కువ భాగం దాన్ని ఆనుకుని ఉన్న మట్టిలోనే ఉంటుంది. దూరం పోయేకొద్దీ కరెంటు పారడానికి చోటు విశాలమై, నిరోధం తగ్గిపోతుంది. కాబట్టి పైపు పక్కనే ఉన్న మట్టి తడిగా ఉంటే సగం పని అయినట్టే. బొగ్గు తేమను పట్టి ఉంచుతుంది, ఉప్పు ఆ తేమలో కరిగి కరెంటును తేలిగ్గా పోనిస్తుంది. కానీ ఉప్పు వానలకు కొట్టుకుపోతుంది, పోతూ పోతూ ఇనుమును తినేస్తుంది. అందుకే కొన్నేళ్లకోసారి గొయ్యి తెరిచి చూడాలి. ఈ బాధ లేకుండా ఇప్పుడు రాగి పూత ఉన్న ఉక్కు రాడ్లు, చుట్టూ నింపడానికి బెంటొనైట్ మట్టి వస్తున్నాయి. వాటిని 'కెమికల్ ఎర్తింగ్' పేరుతో అమ్ముతున్నారు. కొనేటప్పుడు రాగి పూత 250 మైక్రాన్లు ఉందో లేదో అడగండి. పలచటి పూత రాడ్డును నేలలో దిగగొట్టేటప్పుడే రాళ్లకు గీసుకుపోతుంది.

ఇంకో మాట. లావుపాటి పైపు వేశాం కనక ఎర్తు బాగుంటుందనుకోవడం పొరపాటు. పైపు లావు రెట్టింపు చేస్తే నిరోధం తగ్గేది ఎనిమిదో వంతే. అదే పొడవు రెట్టింపు చేసి ఐదు మీటర్లు దింపితే 35 ఓములు 20కి వస్తాయి. ఎర్తుకు లావు కాదు, లోతు ముఖ్యం. అంత లోతు దిగకపోతే రెండో పైపు వేసి మొదటిదానికి కలపాలి. రెండిటి మధ్య దూరం పైపు పొడవుకు రెట్టింపు, అంటే ఐదు మీటర్లు ఉండాలి. ఒకే గోతిలో పక్కపక్కన పాతితే రెండూ ఒకే మట్టిని పంచుకుంటాయి, పెట్టిన ఖర్చుకు ఫలితం ఉండదు.

నేలను బట్టి కూడా పని మారుతుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో బంకమట్టి, పైనే నీళ్లు. అక్కడ రాడ్డు సుత్తితో దిగిపోతుంది, ఎర్తు కూడా బాగా దొరుకుతుంది. కానీ సముద్రపు ఒడ్డు ఉప్పు నేలల్లో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. తెలంగాణ ఎర్ర చల్కల్లో, రాయలసీమ గరుసు నేలల్లో నిరోధం ఎక్కువ, ఒక్క పైపు చాలకపోవచ్చు. హైదరాబాదులో నాలుగడుగులు తవ్వగానే రాయి తగిలే చోట్లు ఎన్నో. అక్కడ మిషనుతో బెజ్జం వేయించి బెంటొనైట్‌తో నింపాలి, లేదా కందకం తవ్వి జీఐ పట్టీని అడ్డంగా పరవాలి. నల్లరేగడి వానాకాలంలో మంచి ఎర్తే ఇస్తుంది. కానీ రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు చూశారూ, ఆ ఎండలకు నల్లరేగడి కూడా బీటలు వారి పైపును వదిలేస్తుంది. అందుకే ఎర్తును వానల్లో కొలిచి సంతోషపడకూడదు. మే నెలలో కొలవాలి. ఎండాకాలంలో వారానికి ఒకటి రెండుసార్లు ఆ గరాటులో నాలుగు బిందెల నీళ్లు పోయాలి. టైల్స్ కింద పూడ్చేసిన పైపుకు నీళ్లు ఎలా పోస్తారు?

కొలవడానికి ఎర్త్ టెస్టర్ అనే పరికరం ఉంది. పైపుకు దూరంగా రెండు మేకులు నేలలో గుచ్చి, తీగలు కలిపి చూస్తే నిరోధం ఎన్ని ఓములో చెబుతుంది. పని అయ్యాక ఆ అంకె కాగితం మీద రాయించుకోండి. చాలామంది ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి, వెలిగింది కనక ఎర్తు బాగుందంటారు. వంద వాట్ల బల్బుకు అర ఆంపియరు కూడా అక్కర్లేదు, 50 ఓముల ఎర్తుతో కూడా అది దివ్యంగా వెలుగుతుంది. పైగా ఎర్తు తీగ మధ్యలో ఎక్కడైనా తెగి ఉంటే, ఆ బల్బు గుండా ఇంట్లో ప్రతి వస్తువు ఒంటికీ ఫేజు ఎక్కుతుంది. ఆ పరీక్ష ఇంట్లో ఎవరూ చేయొద్దు.

చేయకూడనివి మరికొన్ని ఉన్నాయి. ఎర్తు తీగ లేని చోట సాకెట్టులోనే న్యూట్రల్ నుంచి ఎర్తు పిన్నుకు చిన్న ముక్క కలిపేస్తారు. స్తంభం దగ్గర న్యూట్రల్ తెగిన రోజున ఫేజు ఫ్యాను గుండా, బల్బు గుండా న్యూట్రల్‌లోకి వచ్చి, ఆ ముక్క మీదుగా ఫ్రిజ్ ఒంటికి ఎక్కుతుంది. పల్లెల్లో న్యూట్రల్ తెగితే ఇనుప కమ్మీ నేలలో దిగ్గొట్టి దానికి న్యూట్రల్ తీగ కట్టి లైటు వెలిగించుకుంటారు. ఆ కమ్మీ చుట్టూ నేలలోనే కరెంటు ఉంటుంది. గొడ్డు వచ్చి పక్కన నిలబడితే ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య ఉన్న వోల్టేజీయే దాని ప్రాణం తీస్తుంది. నీళ్ల పైపుకు ఎర్తు కట్టడం కూడా పాత అలవాటు. ఇప్పుడు ఇళ్లలో పైపులన్నీ ప్లాస్టిక్‌వి. అలా కట్టిన ఎర్తు ఎక్కడికీ పోదు.

ఆర్‌సీసీబీ అందుకోలేని ప్రమాదం ఒకటుంది. బట్టలు ఆరేసే దండెం. స్తంభం నుంచి మీటరుకు వచ్చే సర్వీసు తీగ రేకుల అంచుకు రాసుకుని తొడుగు అరిగిపోతుంది. ఆ రేకుకు ఇనుప తీగ దండెం కట్టి ఉంటుంది. తడి బట్ట వేసిన చేతికి షాక్ కొడుతుంది. పట్టుకోబోయిన వాళ్లకూ కొడుతుంది. ఇలాంటి వార్తలు వానాకాలంలో మన రెండు రాష్ట్రాల పత్రికల్లో తరచూ కనిపిస్తాయి. సర్వీసు తీగ ఆర్‌సీసీబీకి అవతల ఉంటుంది కాబట్టి ఇంట్లోని ఏ పరికరమూ దీన్ని ఆపలేదు. దండేనికి నైలాన్ తాడు కట్టండి. సర్వీసు తీగ రేకుకు గానీ చెట్టు కొమ్మకు గానీ తగులుతుంటే కరెంటాఫీసుకు చెప్పండి, 1912 నంబరుకు ఫోను చేయండి. ఇంటి ఎర్తింగ్ పిడుగును ఆపదన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. పిడుగుకు ఏర్పాటు వేరే ఉంటుంది.

ఎవరికైనా షాక్ కొడితే ముందు మెయిన్ ఆఫ్ చేయండి. అది వీలుకాకపోతే ఎండిన కర్రతో తీగను పక్కకు నెట్టండి, మనిషిని చేత్తో పట్టి లాగొద్దు. శ్వాస ఆడకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కుతూ 108కి ఫోను చేయించండి.

ఇల్లు కడుతున్నవాళ్లు ఎలక్ట్రీషియన్‌తో బేరం కుదుర్చుకునే రోజే మూడు మాటలు అడగండి. పైపు ఎంత లోతు దింపుతావు, ఓములు కొలిచి చూపిస్తావా, ఐఎస్ఐ గుర్తున్న 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెడతావా? గొయ్యి మూసేటప్పుడు ఎదురుగా నిలబడండి. చాంబరు మూత మీద టైలు వేయవద్దని మేస్త్రీకి చెప్పండి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ఇంటాయన్ని అడగడానికి మొహమాటపడొద్దు. నల్లా రాకపోతే అడుగుతారు కదా, ఇదీ అంతే. గ్రైండరు ముట్టుకుంటే చురుక్కుమంటోందని ఇంట్లో ఆడవాళ్లు చెబితే, "చెప్పులేసుకుని ముట్టుకో" అని సర్దేయకండి. ప్లగ్గు పీకి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

ఈ ప్రసంగం అవగానే మీ మెయిన్ బోర్డు దగ్గరికి వెళ్లి చూడండి. ఆర్‌సీసీబీ ఉంటే టెస్ట్ బటన్ ఒక్కసారి నొక్కండి. టక్కున పడిపోతే, మళ్లీ పైకెత్తి నెలకోసారి అలాగే నొక్కుతూ ఉండండి. పడకపోతే అది చెడిపోయింది, వెంటనే మార్పించండి. అసలు అదే లేకపోతే, ఈ నెల ఖర్చుల్లో దానికి రెండు మూడు వేలు తీసి పెట్టండి.